నొక్కవచ్చును, వదలరాదు

కొత్త బళ్లకు బుర్ర పెట్టారని తెలిసిన రోజే అప్పలసూరి గుండెల్లో రాయి పడింది.

సీపాన అప్పలసూరి ప్రభుత్వ వాహనాల నిర్వహణ విభాగంలో కరెంటు మేస్త్రి. మూడో తరగతితో బడి మానేసి, ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే షెడ్డులో అదే స్టూలు మీద కూర్చుని పని చేస్తున్నాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడడని పేరు. ఆ పదిలోనూ ఆరు ‘ఊఁ’లే. రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

పాత జీపుల కాలంలో పని సుఖంగా ఉండేది. హారన్ మీట నొక్కితే రిలే అనే అగ్గిపెట్టెంత డబ్బా టిక్కుమనేది, హారన్ మోగేది. వదిలితే మళ్లీ టిక్కుమనేది. వదిలిన ఆ క్షణంలోనే ఉంది తిరకాసు. బస్తాలు వేసుకుని పరుగెడుతున్న ఎడ్లబండిని ఒక్కసారిగా ఆపితే బస్తాలు జారి ఎద్దుల మెడ మీదికి వచ్చి పడతాయి కదా, రిలే లోపలి తీగచుట్టలో కరెంటు కూడా అంతే. పన్నెండు వోల్టులదల్లా వందల వోల్టులై వెనక్కి తంతుంది. పాత జీపుకు బుర్ర లేదు కనుక ఎంత తన్నినా దానికి తెలిసేది కాదు. ఆ విషయంలో జీపుకూ ఆఫీసుకూ తేడా ఉండేది కాదు.

కొత్త బళ్లు నలభై మూడు వచ్చాయి. ప్రతి బండికీ డాష్‌బోర్డు కింద అరచేతంత పెట్టె. అదే దాని బుర్ర. ఆ బుర్ర చెబితేనే ఇంజను తిరుగుతుంది. బళ్లు వచ్చిన వారంలోనే విభాగం తన ఆనవాయితీ ప్రకారం వాటికి జోడు హారన్లూ, సైరన్లూ, నెత్తిన తిరిగే దీపాలూ బిగించింది. వాటికి రిలేలు కావాలి. స్టోరులో పాత జీపుల రిలేలు రెండు బస్తాలు మిగిలి ఉన్నాయి. పారెయ్యడానికి అనుమతి లేదు కనుక వాటినే వాడారు.

మొదటి నెలలో ఆరు బుర్రలు చచ్చిపోయాయి.

ఆరోది పదకొండో నంబరు వ్యాను. కొండ ఊళ్ల నుంచి నెలలు నిండిన ఆడవాళ్లను కింద ఆసుపత్రికి తెచ్చే బండి అది. ఘాటు రోడ్డు నాలుగో మలుపులో లారీ ఎదురైతే డ్రైవరు గౌరేసు హారన్ కొట్టి వదిలాడు. అంతే, ఇంజను ఆగిపోయింది. వెనక ఒక తల్లి నొప్పులు పడుతోంది. కాన్పు రోడ్డు మీదే అయింది. నర్సు మరియమ్మ చేతి చలవ వల్ల తల్లీ బిడ్డా దక్కారు.

మర్నాడు గౌరేసు షెడ్డుకొచ్చి అప్పలసూరి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“మామా, ఆ పిల్ల నా సెయ్యి ఒగ్గనేదు. ‘బాబూ, తొయ్యండి బాబూ’ అంటాది. ఎదురుగా కొండంత ఎత్తు. ఎక్కడికని తొయ్యను? ఈసారి అలగైతే నేను స్టీరింగు ముట్టను, నీకు ముందే సెప్పేస్తన్నాను.”

“ఊఁ” అన్నాడు అప్పలసూరి.

సాయంత్రం బజారుకెళ్లి, రేడియోలు బాగుచేసే కొట్లో పది డయోడులు కొన్నాడు. ఒక్కోటి రూపాయి. మిరియపు గింజకన్నా కాస్త పొడుగ్గా, నల్లగా, ఒక చివర వెండి గీతతో ఉంటుంది. దాన్ని రిలే తీగచుట్టకు అడ్డంగా, వెండి గీత ప్లస్సు వైపు ఉండేలా అతికిస్తే, వెనక్కి తన్నే కరెంటు ఆ దారినే చుట్టూ తిరిగి చల్లారిపోతుంది. బుర్ర దాకా పోదు. పదకొండో వ్యానుకు కొత్త బుర్ర బిగించి, అందులో ఎన్ని రిలేలుంటే అన్నిటికీ అతికించాడు. మిగిలినవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“ఇంకాగదు” అన్నాడు గౌరేసుతో.

అప్పలసూరి నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే ప్రమాణం కిందే లెక్క. గౌరేసు మళ్లీ స్టీరింగు ముట్టాడు.

మూడు వారాల తర్వాత సహాయ సంచాలకులు భువనమోహనరావు గారు తనిఖీకి వచ్చారు. ఆయన వెనక స్టోరుకీపరు శంభుమూర్తి, శంభుమూర్తి చంకలో విడిభాగాల జాబితా. జాబితాలో వెయ్యిన్నూట నలభై ఆరు వస్తువులున్నాయి. భువనమోహనరావు గారు పదకొండో వ్యాను బానెట్టు ఎత్తించి, కళ్లజోడు సవరించుకుని, పెన్ను చివరతో డయోడును తాకారు.

“సదరు వస్తువు ఏమిటి?”

“డయోడు బాబూ.”

“జాబితాలో ఎన్నో నంబరు?”

శంభుమూర్తి పేజీలు తిప్పి, తల అడ్డంగా ఊపాడు.

“లేదండయ్యా. దీన్ని స్టోరు నుంచి ఇవ్వలేదు. ఇవ్వడానికీ లేదు. పాతది అప్పజెబితేనే కొత్తది ఇవ్వడం మన పద్ధతి కదా. ఈ బళ్లలో పాత డయోడే లేదు. లేని పాతదాన్ని ఎలా అప్పజెబుతాడు? అప్పజెప్పనిదాన్ని జాబితాలోకి ఎలా ఎక్కిస్తాం?”

“యుక్తంగా ఉంది” అన్నారు భువనమోహనరావు గారు. “అనధికార వస్తువును తక్షణం తొలగించి, సీలు చేసిన కవరులో సమర్పించవలెను.”

అప్పలసూరి బానెట్టులోకి వంగాడు. కాసేపు అటూ ఇటూ కెలికాడు. లేచేటప్పటికి అరచేతిలో ఒక డయోడు ఉంది. అది చొక్కా జేబులోదని శంభుమూర్తి చూడలేదు, చూసినా అడగలేదు. దాన్ని కవరులో పెట్టి, లక్క కరిగించి, ముద్ర వేసి, ఇనప బీరువాలో దాచారు. వ్యానులోవి వ్యానులోనే ఉన్నాయి.

కథ అక్కడితో ముగిసేదే. కానీ భువనమోహనరావు గారు గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. బుర్రల మరణాల మీద పైకి నివేదిక పంపాలి, కారణం రాయాలి. షెడ్డులో తెలిసినవాడు ఒక్కడే.

“ఏమయ్యా, ఆ ఎదురుదెబ్బ ఎప్పుడు పుడుతుంది?”

“ఒదిలినప్పుడు బాబూ.”

“నొక్కినప్పుడు?”

“పుట్టదు.”

“వదిలినప్పుడే పుడుతుంది, నొక్కినప్పుడు పుట్టదు. అంతేనా?”

“అంతే గానండీ...”

“చాలు” అన్నారు భువనమోహనరావు గారు, ఫైలు మూసేసి.

అప్పలసూరి చెప్పబోయిన మాట ‘గానండీ’ దగ్గరే ఉండిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్లలో అతడు ఆఫీసరుతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. దాని ఫలితం సోమవారం నోటీసు బోర్డు మీదికి ఎక్కింది.

‘విభాగపు వాహనములందు ఎదురుదెబ్బ అనునది మీటను వదలుటచే మాత్రమే ఉత్పన్నమగుచున్నదనియు, నొక్కుటచే కాదనియు సాంకేతిక సిబ్బంది వాఙ్మూలము ద్వారా నిర్ధారణ అయినందున, ఇకమీదట ఏ మీటనైనను నొక్కవచ్చును, వదలరాదు. విధిలేక వదలదలచినవారు ఎదురుదెబ్బల నివారణ సంఘము వారి ముందస్తు అనుమతిని మూడు ప్రతులలో పొందవలెను. ఈ నిబంధననుండి ఏ స్థాయి అధికారికిని మినహాయింపు లేదు.’

సంఘం రాజధానిలో ఉంది. మూడు నెలలకోసారి కూర్చుంటుంది.

డ్రైవర్లు మొదట నవ్వుకున్నారు. రెండో నంబరు జీపు డ్రైవరుకు మాత్రం ప్రమోషను ఫైలు పైన పెండింగులో ఉంది. అతడు సంతలో గేదె అడ్డొస్తే హారన్ నొక్కాడు. గేదె తప్పుకుంది. అతడు వదల్లేదు. సంత మధ్య నుంచి, బడి ముందు నుంచి, శవం వెళుతుంటే దాని వెనక నుంచి, నొక్కినది నొక్కినట్టే ఆఫీసు దాకా వచ్చాడు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో హారన్. ఆఫీసు గేటు దగ్గర హారన్ తనంత తాను కాలి, గురగురలాడి ఊరుకుంది. ఎవరూ వదలలేదు కనుక తప్పు ఎవరిదీ కాదు. శంభుమూర్తి రిజిస్టరు తెరిచి, ఆలోచించి, ‘స్వయం విరమణ’ అని రాశాడు.

ఆ మాట అందరికీ నచ్చింది.

అక్కణ్ణుంచి హారన్ కొట్టడం మానేశారు. బండి వెళుతుంటే ముందు ఒక అటెండరు స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడుతూ, “తప్పుకోండి, సర్కారు బండి” అని కేకలేస్తూ పరుగెత్తేవాడు. బండి అతడి వెనక నడక వేగంతో వచ్చేది. ఒకరోజు చిన్న తుంపర పడితే ఏడో నంబరు కారులో వైపరు వేశారు. వాన ఐదు నిమిషాల్లో వెలిసింది. వైపరు తొమ్మిది రోజులు ఎండలో పొడి అద్దాన్ని తుడిచి తుడిచి దానిమీద నెలవంకలా గాడి పెట్టి, స్వయం విరమణ చేసింది.

వారానికోసారి ఉత్తర్వుకు వివరణ వచ్చేది. మూడో వివరణలో స్టార్టరుకూ రిలే ఉందని కనిపెట్టారు. తాళం తిప్పి ఇంజను అందుకోగానే వదలాలి. వదలరాదు కదా. అంచేత తాళంతో స్టార్టు చేయరాదు, తోసి స్టార్టు చేయవలెను. ఆపితే మళ్లీ తోయాలి కనుక ఆపరాదు. అసలు ఆపడమంటేనే తాళం వదలడం, దానికి సంఘం అనుమతి కావాలి. భువనమోహనరావు గారి కారు పోర్టికోలో ఆగకుండా నాలుగు రోజులు తిరిగింది. ఇంజను తిరుగుతుంటే డీజిలు పొయ్యడం బంకు వాళ్లకు నిషిద్ధం. అయిదో రోజు తెల్లవారి డీజిలు అయిపోయి అది స్వయం విరమణ చేసింది. ఆరో రోజు గుమాస్తాలు ఎనిమిదిమంది ఆఫీసరు గారిని కారులో కూర్చోబెట్టి కలెక్టరేటు దాకా తోసుకెళ్లారు. అది స్టార్టు కాలేదు గానీ మీటింగుకు మాత్రం వేళకు చేరింది. ముందు పళ్లెం కొడుతున్న అటెండరు వల్ల, దారిలో పెళ్లి ఊరేగింపనుకుని ఇద్దరు ఆడవాళ్లు ఆయన మీద అక్షింతలు కూడా వేశారు.

“సూరీ, అంతా నువ్వు సేసిందేరా” అన్నాడు శంభుమూర్తి ఒక మధ్యాహ్నం, షెడ్డు గుమ్మంలో చెమట తుడుచుకుంటూ. అతడూ ఆ ఎనిమిదిమందిలో ఒకడు. “నొక్కినప్పుడు కూడా పుడతాదని అనుంటే రెండూ మానేసి ఇంట్లో పడుకునేవోళ్లం.”

అప్పలసూరి జేబు తడుముకున్నాడు.

నెలాఖరుకు రాజధానికి నివేదిక వెళ్లింది. ‘ఈ నెల మరణించిన బుర్రలు: సున్న.’ పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. నలభై రెండు బళ్లు షెడ్డు చుట్టూ గుర్రపుశాలలో గుర్రాల్లా బారులు తీరి నిలబడి ఉన్నాయి. కదలని వాటికి దెబ్బ తగలదు. దీన్ని జిల్లాలన్నింటికీ ఆదర్శంగా తీసుకోవాలని పత్రంలో ఉంది.

పత్రం చివరి పేరా దగ్గర భువనమోహనరావు గారి కళ్లజోడు జారింది. అనుబంధంలో పదకొండో నంబరు వ్యాను లెక్క ఉంది. ఆ నెలలో కొండకు అరవై నాలుగు ట్రిప్పులు. కనీసం అరవై నాలుగు సార్లు తాళం తిప్పి వదిలారన్నమాట. హారన్ ఎన్నిసార్లు నొక్కి వదిలారో ఆ మలుపులకే ఎరుక. బుర్ర చావలేదు.

గౌరేసును పిలిపించారు.

“నిబంధనలు ఉల్లంఘిస్తున్నావు. అయినా నీ బండి చెడిపోవడం లేదు. దీనికి నీ సమాధానం?”

“సెడిపోనందుకా బాబూ?”

“ఔను. అన్ని బళ్లూ ఉత్తర్వును పాటించి బాగున్నాయి. నీ బండి ఉత్తర్వును పాటించకుండా బాగుంది. ఇది విభాగపు నైతిక స్థైర్యాన్ని దెబ్బతీస్తుంది.”

“కొండెక్కే బండి బాబూ అది. దాని ముందు పళ్లెం కొట్టుకుని పరిగెత్తితే అటెండరు సచ్చిపోతాడు.”

భువనమోహనరావు గారు సంతకం చేసిన కాగితం మర్నాటికి షెడ్డుకు వచ్చింది. ‘పదకొండవ నంబరు వాహనము ఏల చెడిపోవుట లేదో తేలువరకు దానిని నిలిపివేసి సీలు చేయవలెను.’ బుధవారం పదకొండు గంటలకు ముహూర్తం.

బుధవారం పదింబావుకు గౌరేసు ఫోను మోగింది. నర్సు మరియమ్మ. పులిగూడలో ఒక పిల్లకు నొప్పులు మొదలయ్యాయి, తొలిచూలు, బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే రావాలి. గౌరేసు వ్యాను దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికే భువనమోహనరావు గారు మెట్లు దిగుతున్నారు. వెనక శంభుమూర్తి, చేతిలో లక్క, దారం, కొవ్వొత్తి, అగ్గిపెట్టె. ఆఫీసరు గారికి ముహూర్తం కన్నా ముందే రావడం అలవాటు.

గౌరేసు వ్యాను తలుపు మీద చెయ్యి వేసి, ఇటు అప్పలసూరి వైపు చూశాడు. ‘బాబూ, తొయ్యండి బాబూ’ అన్న ఆ తల్లి బతిమాలడమే అతడి ముఖంలో కనిపించింది.

“ఇంకాగదన్నావు మామా” అన్నాడు నెమ్మదిగా.

అప్పలసూరి స్టూలు మీద నుంచి లేచాడు.

“స్టార్టు సెయ్యి” అన్నాడు.

“ఆయనొస్తన్నాడు కదా...”

“అందుకే. సెయ్యి.”

గౌరేసు తాళం తిప్పాడు, వదిలాడు. టిక్కుమంది. ఇంజను అందుకుంది.

“ఆపు! ఆపమంటున్నాను!” భువనమోహనరావు గారు చెయ్యెత్తి వచ్చారు. “సీలు చేయవలసిన వాహనం. ఆపు!”

గౌరేసు తల బయటికి పెట్టాడు. అప్పలసూరి వ్యానుకూ ఆఫీసరు గారికీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

“ఆపరాదు బాబూ.”

“ఏమిటి?”

“తాళం ఒదలాలి. ఒదలరాదు కదా బాబూ.”

“నేను చెబుతున్నానయ్యా! సహాయ సంచాలకుణ్ణి చెబుతున్నాను!”

శంభుమూర్తి గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో అతడికి ఉన్న ఒకే ఒక్క భక్తి నిబంధన మీద.

“అయ్యా, మినహాయింపు ఏ స్థాయి అధికారికీ లేదండి. తమరే రాశారు.”

“సరే, ఇంజను తిరుగుతుండగానే సీలు వెయ్యి.”

“నడుస్తున్న బండికి సీలు చెల్లదండయ్యా. నిలిపివేసి సీలు చేయవలెను అని తమరి ఉత్తర్వు. నిలపాలంటే సంఘం అనుమతి కావాలి. మూడు ప్రతులు. సంఘం వచ్చే నెల ఇరవయ్యో తారీకున కూర్చుంటుంది.”

భువనమోహనరావు గారు లక్క వైపు, కొవ్వొత్తి వైపు, వణుకుతున్న బానెట్టు వైపు చూశారు. తన ఉత్తర్వే తన దారికి అడ్డంగా పడుకుంటే దాన్ని దాటడం ఎలాగో ఏ మాన్యువల్లోనూ లేదు.

“అయితే అంతవరకు ఈ వాహనాన్ని ఏం చేయాలి?”

“తిరగాలి బాబూ” అన్నాడు అప్పలసూరి.

“కాగితం మీద పెట్టీయండి బాబూ, తిప్పుతాను” అన్నాడు గౌరేసు. “ఇక్కడే నిలబెట్టి తిప్పితే డీజిలు వేస్టు. ఎలాగూ తిరగాల కదా, కొండ మీదికెళ్లి తిరుగుతాను.”

శంభుమూర్తి లక్కను జేబులో వేసుకుని కాగితం అందించాడు. భువనమోహనరావు గారు బానెట్టు మీదే పెట్టి రాశారు. ‘సదరు వాహనము సంఘము వారి అనుమతి వచ్చువరకు ఎచ్చటను నిలువక నడుచుచునే ఉండవలెను.’ సంతకం, తారీకు. బానెట్టు అదరడం వల్ల సంతకం కాస్త వంకర పోయింది గానీ చెల్లుబాటే.

గౌరేసు కాగితాన్ని మడిచి అద్దం వెనక దోపాడు. గేటు దగ్గర ఆవు అడ్డంగా ఉంది. హారన్ నొక్కాడు. వదిలాడు. ఇంజను ఆగుతుందేమోనని ముగ్గురూ చూశారు. ఆవు పక్కకు జరిగింది. వ్యాను మలుపు తిరిగి కొండదారి పట్టింది.

“ఒకటి వదిలాడు” అన్నారు భువనమోహనరావు గారు.

“రాసుకున్నానండి” అన్నాడు శంభుమూర్తి.

సాయంత్రం నాలుగింటికి గౌరేసు ఫోను చేశాడు. ఆసుపత్రిలో ఆడపిల్ల, ఆపరేషను చేసి తీశారు, ఇద్దరూ కులాసా. అప్పలసూరి “ఊఁ” అన్నాడు. కాసేపాగి మళ్లీ “ఊఁ” అన్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ అతడు మెతుకు మెతుకుకూ ఆగాడు. ఒక బండి తప్పించుకుంది. నలభై రెండు మిగిలాయి. ఉత్తర్వును తప్పని చెబితే వినరు, ఉత్తర్వు ప్రకారమే చేస్తే కాదనలేరు. ఈ ఎత్తు ముందే తట్టి ఉంటే ఆ గుమాస్తాలకు కారు తోసే కష్టం తప్పేది కదా అనుకున్నాడు.

ఆదివారం బజారులో, ఆ నలభై రెండు బళ్లకూ సరిపడా, నూటడెబ్బై డయోడులు కొన్నాడు. ఇంటి అరుగు మీద పాత బ్యాటరీ పెట్టుకుని, ఒక్కొక్క డయోడునూ తిరగేసి తగిలించాడు. టప్పున పొగ వచ్చేది. దాన్ని సంచీలో వేసి ఇంకోటి తీసేవాడు. పొద్దుగుంకేదాకా ఆ పనే. దారిన పోయేవాళ్లు ముసలాడు దీపావళికి తొందరపడ్డాడనుకున్నారు.

సోమవారం పదింటికి స్టోరు కిటికీ ముందు నిలబడి, సంచీ బోర్లించాడు. పగిలి, నల్లబడి, కాలిన వాసన వేస్తున్న డయోడులు బల్ల మీద గుట్టగా పడ్డాయి.

“ఏటివి?” అన్నాడు శంభుమూర్తి.

“పాతవి.”

శంభుమూర్తి గుట్ట వైపు చూశాడు. అప్పలసూరి వైపు చూశాడు. అతడికి అంతా అర్థమైంది. అర్థమైందని ముఖంలో కనబడనివ్వలేదు. పాతది అప్పజెబితే కొత్తది తెప్పించైనా ఇవ్వాలి. పాతది ఎదురుగా ఉంది. ఎక్కడిదని అడగమని నిబంధనలో లేదు. జాబితా చివరి పేజీ తెరిచి, వెయ్యిన్నూట నలభై ఏడు అని అంకె వేసి, ‘డయోడు, వెండి గీతతో’ అని గుండ్రంగా రాశాడు. తర్వాత ఒక్కొక్కదాన్నీ వేలితో పక్కకు జరుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నూట అరవై తొమ్మిది దగ్గర ఆగాడు. చివరిదాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు. నల్లగా నిగనిగలాడుతోంది, వెండి గీత మెరుస్తోంది. ఆదివారం హడావుడిలో కాల్చడం మరిచిపోయినట్టున్నాడు.

“ఇది బాగానే ఉంది కదరా సూరీ” అన్నాడు శంభుమూర్తి, దాన్ని కిటికీలోంచి వెనక్కి తోస్తూ. “బాగున్నవి మేం తీసుకోం.”

అప్పలసూరి దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.